యాభై మూడో రోజు ముప్పై ఒకటో తేదీ

ఆ నగరంలో మార్చి ముప్పై ఒకటో తేదీ మొదలై అప్పటికి యాభై మూడు రోజులైంది.

కారణం అందరికీ తెలిసిందే. పేదల ఇళ్ళకూ, వాటి మధ్య ఒక సామాజిక భవనానికీ, అంగన్‌వాడీకీ కేంద్రం ఇచ్చిన నిధులు ఆ తేదీలోగా ఖర్చు కాకపోతే వెనక్కి పోతాయి. ఖర్చు కాలేదు. కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై, నిధులు పూర్తిగా వినియోగమయ్యేవరకు ఏప్రిల్ ఒకటో తేదీని నగర పరిధిలోకి అనుమతించరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది. నకళ్ళు బ్యాంకులకూ, పంచాంగకర్తలకూ, పత్రికలకూ వెళ్ళాయి. పొద్దు మామూలుగానే పొడిచేది, మామూలుగానే కుంకేది. తేదీ మాత్రం కదల్లేదు.

పరిపాలనలో చిన్న చిన్న చిక్కులు వచ్చాయి గాని సర్దుకున్నాయి. జీతాలూ, పింఛన్లూ, రేషన్ బియ్యమూ ఒకటో తేదీన ఇచ్చేవి గనక ఆగాయి. జనన మరణాల విభాగంలో ముప్పై ఒకటి కింద ఆరు జననాలు, నాలుగు మరణాలు నమోదు చేసి మొదటి సాయంత్రమే పుట మూసేశారు. కాబట్టి ఆ తర్వాత ఊళ్ళో ఎవరూ పుట్టలేదు, ఎవరూ చనిపోలేదు. ఆకలీ నొప్పీ ఏ రిజిస్టరులోనూ ఎక్కేవి కావు గనక అవి యథాప్రకారం సాగాయి.

ముప్పై ఎనిమిదో రోజుకి ఆరువందల పన్నెండు ఇళ్ళూ లేచాయి. ఏళ్ళ తరబడి లేవని ఇళ్ళు ఒక్క రోజులో లేచాయని పేపర్లు రాశాయి. తేదీ ప్రకారం చూస్తే అది అబద్ధం కాదు. ఇళ్ళకి తాళాలు వేశారు. తాళంచెవులు ఒకటో తేదీన పంచాలని ఉత్తర్వు. ఇక కావలసింది నిధులన్నీ ఖర్చయ్యాయని చెప్పే వినియోగ ధ్రువపత్రం ఒక్కటే. దాన్ని తయారుచేసి సంతకం పెట్టవలసినవాడు సీనియర్ అసిస్టెంటు నాగభూషణం.

పదిహేను రోజులుగా నాగభూషణం సంతకం పెట్టకుండా ఫైలు మీద కొర్రీలు వేస్తున్నాడు. సామాజిక భవనం కిటికీలకు ఊచలెన్ని? అంగన్‌వాడీ గోడ మీది చిలక బొమ్మ ఎటు చూస్తోంది? జవాబు వచ్చేలోగా మరో కొర్రీ. ముప్పై ఏళ్ళ సర్వీసులో అతను ఎవరి కాగితాన్నీ ఇలా తిప్పలేదు.

అతని భార్య భ్రమరాంబకు కడుపులో రాచపుండు. "మార్చి దాటడం కష్టమండీ" అని చెప్పాడు డాక్టరు. చెప్పేటప్పుడు నాగభూషణం భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఉంచి, బయట వేచి ఉన్న మిగతా రోగుల్ని కాసేపు మరిచిపోయాడు. ఆ మేలు నాగభూషణం మరిచిపోలేదు. అసలు మార్చినే ముగియనివ్వకుండా ఉండటం తన చేతిలో పనేనని తర్వాత తెలిసింది.

రోజూ పది గంటలకి మరిడమ్మ వచ్చి సెక్షను కిటికీ కింద కూచునేది. కాలవగట్టు మీద పరదా పట్టా కింద ఆమె కాపురం. ఆమెకు మంజూరైన ఇల్లు మూడువందల నాలుగో నంబరు.

"బాబూ, నా కాయితం ఎందాకా వచ్చిందండి?"

"కిటికీ ఊచల లెక్క తేలలేదమ్మా."

"నేను లెక్కెట్టొచ్చేనండి. కిటికీకి ఏడు. నా ఇంటి తలుపు సందులోంచి లోపలికీ చూసేను. గచ్చు సల్లగా ఉన్నట్టుందండి."

అటెండరు సింహాచలం నవ్వాడు. "నీకేం మామ్మా, తాళం ముట్టుకు చూసుకునే భాగ్యమైనా ఉంది. నాకు జీతమొచ్చి రెండు నెల్లయింది."

"రెండు నెల్లేంట్రా నీ మొగం! ఇయ్యాల ముప్పై ఒకటే కదా!" అంది మరిడమ్మ. తర్వాత నాగభూషణంతో గొంతు తగ్గించి చెప్పింది. "గంజి కూడా అయిపోయిందండి. సచ్చిపోదారంటే పుట మూసేరంట."

నాగభూషణం తన టిఫిను డబ్బాలో సగం ఆమె సంచిలో పెట్టి, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాడు.

రెండు నుంచి మూడు దాకా భ్రమరాంబకు నొప్పి కాస్త మందగించేది. ఆ గంటసేపు అతను దిండు ఎత్తుగా పెట్టి, బత్తాయి రసం చెంచాతో పట్టేవాడు. ఆ రోజు ఆమె మూడు చెంచాలే తాగింది.

"ఇవాళ తేదీ ఎంతండీ?"

"ముప్పై ఒకటి."

ఆమె ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. సన్నగా నవ్వింది. "జవాబు రాని పిల్లలు కాగితం మీద బొమ్మలు గీస్తూ కూచునేవారు. మీ కొర్రీలూ అంతే. గంట కొట్టాక కాగితం ఇచ్చెయ్యాలండీ."

"నొప్పిగా ఉందా?"

"లేదంటే ఇంకో కొర్రీ వేస్తారు. ఉంది. రోజురోజుకీ ఎక్కువగా ఉంది." కిటికీ వైపు చూస్తూ అడిగింది. "ఆ ఇళ్ళు ఎటు ముఖమండీ?"

"తూర్పు."

"అయితే పొద్దున్నే ఎండొస్తుంది. ఇచ్చెయ్యండి వాళ్ళకి."

నాగభూషణం ఆఫీసుకి తిరిగొచ్చి ధ్రువపత్రం టైపు చేశాడు. సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. సింహాచలం అది చూసి ఫ్యాను తగ్గించి, తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు.

కమిషనర్‌గారు కాగితం చదివి కళ్ళద్దాలు తీశారు. "ఇప్పుడెందుకండీ తొందర?"

"ఇళ్ళు పూర్తయ్యాయి సార్."

"పూర్తయ్యాయి, సంతోషం. ఒకటో తేదీ వస్తే ఎందరికి బ్యాంకు వాయిదా కట్టాల్సి వస్తుందో చూశారా? పన్నులు పెరుగుతాయి. కౌన్సిల్ పదవీకాలం ముగుస్తుంది. మరణాల రేటు సున్నా అని ఢిల్లీలో మన ఊరిని మెచ్చుకున్నారు. ఒకటో తేదీ కావాలని ఎవరైనా అర్జీ పెట్టారా?"

"ఆరువందల పన్నెండు కుటుంబాలు సార్, రోజూ వచ్చి..."

"వాళ్ళ అర్జీలు ఒకటో తేదీ నుంచి స్వీకరిస్తాం."

ఆయన ఆకుపచ్చ సిరాతో అంచున రాశారు: 'సంతకం ఎన్నవ ముప్పై ఒకటో తేదీన చేసినదీ స్పష్టపరచవలెను.' ఫైలు వెనక్కి తోస్తూ మృదువుగా అడిగారు. "ఇంట్లో అమ్మగారికి ఎలా ఉంది?"

"అలాగే ఉందండి."

"మంచిదే కదా."

వరండాలోకి వచ్చేసరికి నాగభూషణానికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. సిగ్గుపడవలసిన సంగతని తెలుసు. అయినా దిగింది. మూడు దాటింది, ఇంట్లో నొప్పి మళ్ళీ మొదలై ఉంటుందని కూడా తెలుసు.

మరిడమ్మ లేచి నిలబడింది. "సంతకమైందంట కదా బాబూ? సింహాచలం సెప్పేడు."

"అయింది. వెనక్కి వచ్చిందమ్మా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కిటికీ కింది అరుగు మీద చోటు చూపించింది. "కాసేపు కూకోండి బాబూ. మొగం పీక్కుపోయింది."

అతను కూచోలేదు. "రేపు రామ్మా" అన్నాడు.

అన్నాక గాని ఊళ్ళో రేపు లేదని అతనికి గుర్తు రాలేదు. నాలిక కరుచుకున్నాడు. మరిడమ్మకి మాత్రం ఆ మాటలో తప్పేమీ వినపడలేదు. "అలాగే బాబూ" అని సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. పదకొండేళ్ళుగా ఆ కిటికీ దగ్గర ఆమె విన్న మాట అదే.