చేప తలకిందులుగా ఉంటే సూది పడినట్టు

ఒక ఇంటి నాగరికతను కొలవాలంటే ఆ ఇంటి పిల్లి రక్తంలో చక్కెర ఎంతుందో ఇంట్లోవాళ్లకు తెలుసా లేదా అని అడిగితే చాలు. ఆ లెక్కన మాది అత్యంత నాగరికమైన ఇల్లు. దాన్ని రోజుకు ఎన్నిసార్లు చూస్తామో చెబితే మీరు మీ జీవితాల గురించి దిగులు పడతారు కాబట్టి చెప్పను.

మా పిల్లిని దొరగారు అంటాం. మొదట సరదాకే అన్నాం. (ఆయన మాత్రం దాన్ని నియామకపు ఉత్తర్వుగా స్వీకరించారు.) ఆ మధ్య దొరగారు గిన్నెలకొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టారు. రెండో రోజుకే ఇంటిల్లిపాదీ పసిగట్టాం. ఇసుక తొట్టె చిత్తడిగా ఉందని మా అమ్మాయి, వీపు ఎముకలు తగులుతున్నాయని మా ఆవిడ, నీళ్ల గిన్నె నింపలేక చస్తున్నానని నేను, ఎవరి వాంగ్మూలం వాళ్లు ఇచ్చాం. పశువుల డాక్టరు రక్తం తీసి చూసి, "షుగరండీ" అన్నాడు.

"మా నాన్నకి కూడా ఉందండీ," అంది మా ఆవిడ, ఏదో వంశపారంపర్యం దొరికినట్టు.

"మనుషుల సంగతి నాకు తెలియదమ్మా," అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రమే మా ఇంట్లో పిల్లి మధుమేహ నియంత్రణ శాఖ ఏర్పడింది. మా ఆవిడ ప్రధానాధికారి. సూదుల విభాగం ఆమెకూ నాకూ ఉమ్మడి. కాలేజీలో చదివే మా అమ్మాయి సాంకేతిక విభాగం. దొరగారు లబ్ధిదారు. మా మామగారు, అంటే మా ఆవిడ తండ్రి, రిటైరైన సర్వేయరు, మాతోనే ఉంటారు. ఆయనకు ఏ పదవీ దక్కలేదు కాబట్టి సాధారణ పౌరుడిగా మిగిలిపోయారు.

శాఖ తొలి నిర్ణయం, మామగారి షుగర్ మిషను స్వాధీనం చేసుకోవడం. పిల్లికి వేరే మిషను కొంటే మంచిదే గానీ దీంతోనూ నడిపించవచ్చనీ, అంకెలు కాస్త అటూ ఇటూగా వస్తే తాను సర్దుకుంటాననీ డాక్టరు చెప్పాడు. మామగారు మిషనును రెండు చేతులతో అందించారు. "దానికే ఎక్కువ అవసరంలేమ్మా," అన్నారు. (పౌరుల నుంచి ఇంతటి సహకారం ఏ శాఖకూ దొరకదు.) మా అమ్మాయి ఆ మిషనును ఫోన్‌లోని యాప్‌కు కలిపింది. రక్తపు చుక్క పడగానే అంకె నేరుగా డాక్టరు ఫోన్‌కు వెళ్లిపోతుంది. రోగి పేరు అని ఉన్నచోట దొరగారు అని రాసింది. యాప్ రెండో రోగిని ఒప్పుకోదు, ఎవరూ అడగనూ లేదు.

రెండో నిర్ణయం తీపి బహిష్కరణ. నిజానికి డాక్టరు చెప్పింది ఇది: చక్కెర పెరగడం కంటే ఒక్కసారిగా పడిపోవడం ప్రమాదం, అలా పడిపోయి పిల్లి తూలితే వెంటనే చిగుళ్లకు తేనె రాయండి. మా ఆవిడ ప్రమాదాన్నీ తేనెనూ ఒకే గాట కట్టేసింది. ఇంటికి రాగానే తేనె, పంచదార, బిస్కెట్లు, జామ్, దగ్గు మందు కూడా మూటకట్టి పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. దొరగారు మాంసం తప్ప మరేదీ ముట్టకూడదన్నారు కదా, ఆయన ముందు మనం తీపి తింటే ఆయన మనోభావాలు దెబ్బతింటాయని ఆమె వాదన. దొరగారు పుట్టి బుద్ధెరిగాక పంచదార వంక కన్నెత్తి చూసింది లేదు. అయినా బహిష్కరణ అమలైంది.

మూడోది చేప నిబంధన. ఇది నా మేధస్సు. పొద్దునా సాయంత్రమూ దొరగారు తిన్నాక మెడ వెనక చర్మం పైకి లాగి ఇన్సులిన్ ఇవ్వాలి. ఇచ్చేవాళ్లం ఇద్దరం కాబట్టి పొరపాటున రెండుసార్లు పడకూడదు. అందుకని ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతపు చేపను అంటించాం. చేప నిటారుగా ఉంటే సూది పడలేదని అర్థం. తలకిందులుగా ఉంటే పడిందని అర్థం. పూట మారగానే మా అమ్మాయి దాన్ని మళ్లీ నిలబెడుతుంది. నోటి మాటకు విలువ లేదు, చేపదే తుది నిర్ణయం. ఈ నిబంధనను సాధారణ పౌరులకు చెప్పాలని మాకెవరికీ తోచలేదు.

మొన్న ఆదివారం పొద్దున దొరగారు తిన్నారు. మా ఆవిడ సూది వేసింది, చేపను తలకిందులు చేసింది, స్నానానికి వెళ్లింది. మామగారు మంచినీళ్ల కోసం ఫ్రిజ్ దగ్గరికి వచ్చారు. (ఈమధ్య ఆయన ఫ్రిజ్ చుట్టూనే తిరుగుతున్నారు, దారికి అడ్డమని మా ఆవిడ ఒకటి రెండుసార్లు విసుక్కుంది కూడా.) జీవితమంతా హద్దురాళ్లు సరిచేసిన మనిషి. ఆయన కంటికి తలకిందులైన చేప కనిపించింది. సరిచేసి, సీసా ఎత్తి గటగటా తాగి, వెళ్లిపోయారు.

తర్వాత నేను వచ్చాను. దొరగారి కంచం ఖాళీ, చేప నిటారు. విధి నిర్వహించాను. దొరగారు నావైపు చూసిన చూపు, ఇచ్చిన కాగితమే మళ్లీ అడిగిన గుమస్తావైపు మనం చూసే చూపు.

మా ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చింది. నా చేతిలో సిరంజి చూసింది.

"ఏంటది?"

"ఇచ్చేశా."

"నేనిచ్చేశాగా."

"చేప నిటారుగా ఉంది."

"నేను తిప్పా."

ముందు గదిలోంచి మామగారి గొంతు వినిపించింది. "తలకిందులుగా ఉంటే నేనే సరిచేశానమ్మా. ఎవరో తెలీక పెట్టారనుకున్నా."

డాక్టరుకు ఫోన్ చేస్తే, వెంటనే తీసుకురండి, తూలితే తేనె రాయడం మర్చిపోవద్దు అన్నాడు. దొరగారు మంచం కింద దూరారు. చీపురుతో, బతిమాలి, బెదిరించి, చివరికి మంచం ఎత్తి బయటికి తీసేసరికి చాలాసేపు పట్టింది. అప్పటికే ఆయన వెనక కాళ్లు నిలవడం లేదు. రెండడుగులు వేసి పక్కకు ఒరిగిపోయారు. మా ఆవిడ నేల మీద కూలబడి, "తేనె తీసుకురండి," అంది.

మా పరిపాలన ఎంత పకడ్బందీదో అప్పుడు తేలింది. ఇల్లంతా గాలించినా ఒక్క పంచదార పలుకు దొరకలేదు. దొరికింది చక్కెర లేని తీపి బిళ్లలు. అవి టీకి పనికొస్తాయి, ప్రాణానికి పనికిరావు. మా అమ్మాయి సంచీలో బబుల్‌గమ్ ఉంది, అదీ చక్కెర లేనిదే. పక్కింటికి పరుగెత్తాను. తాళం వేసి ఉంది. మా తేనె లోపల క్షేమంగా ఉంది.

తిరిగొచ్చేసరికి మామగారు తన గదిలోంచి వస్తున్నారు. కళ్లజోడు తాడుకు కట్టుకున్న చిన్న తాళంచెవితో తన పాత సర్వే పరికరం ఉండే తోలుపెట్టె తెరిచారట. చేతిలో తేనె సీసా, సగానికి పైగా ఖాళీ, అందులోనే చెంచా. ఎవరి వంకా చూడకుండా కింద కూర్చుని, వేలితో దొరగారి చిగుళ్లకు తేనె రాశారు. రాస్తూనే ఉన్నారు. కాసేపటికి దొరగారు నాలుక చప్పరించి, ఆయన వేలు కొరికారు. మా ఆవిడ బావురుమంది.

సాయంత్రం దాకా ఆస్పత్రిలో ఉంచుకుని దొరగారిని ఇంటికి పంపాడు డాక్టరు. గంటగంటకూ మిషనులో చూస్తూ ఉండండి, నా కళ్లు ఫోన్ మీదే ఉంటాయి అన్నాడు. దొరగారు సోఫాలో దిండెక్కి పడుకున్నారు. శాఖ విచారణకు కూర్చుంది. తేనె ప్రాణం నిలిపిన మాట నిజమే గానీ, నిషేధిత పదార్థం ఇంట్లో దొరికిన మాటా నిజమే.

"నాన్నా, ఈ సీసా ఎప్పట్నుంచి తింటున్నావ్?"

"మిషను మీరు తీసుకున్నప్పట్నుంచి."

"నీకు షుగర్ కదా నాన్నా."

"మిషను ఉన్నప్పుడు ఉండేదమ్మా," అన్నారు మామగారు. "అది పోయాక మళ్లీ ఎవరూ ఉందనలేదు."

మా ఆవిడ మిషను అందుకుంది. ఆయన వేలు పట్టుకుని, దొరగారి కోటాలోంచి ఒక స్ట్రిప్పు తీసి, చుక్క పెట్టింది. అంకె చూసి మిషను చెడిపోయిందేమో అంది మా అమ్మాయి.

వెంటనే ఫోన్ మోగింది. డాక్టరు.

"ఏం పెట్టారమ్మా దొరగారికి? ఇంత ఎక్కడైనా ఉంటుందా? నీళ్లు ఎక్కువ తాగుతున్నారా?"

మా ఆవిడ తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నీళ్లు ఎక్కువ తాగుతున్నావా?"

మామగారు ఫ్రిజ్ వంక చూసి తలూపారు.

"తాగుతున్నారండీ," అంది ఫోన్‌లో.

"ఒంట్లో అంత దాహం కనిపిస్తుంటే ఇంట్లో ఇంతమందిలో ఒక్కరికీ తెలియలేదా? పొద్దున్నే బుట్టలో పెట్టుకుని తీసుకురండి," అని విసురుగా పెట్టేశాడు.

ఇన్నాళ్లలో మామగారి దాహం గురించి అడిగిన మొదటి డాక్టరు ఆయనే.