'వెళ్ళిత్తోణి' చూసిన మనిషి

మలయాళంలో ఇంతవరకు వచ్చిన సినిమాలన్నిటిలోకీ గొప్పది 'వెళ్ళిత్తోణి' అని సాంస్కృతిక శాఖ మంత్రి వి.పి. సుగుణన్ గారు ఏళిమంగలం టౌన్‌హాల్లో ప్రకటించారు. వెళ్ళిత్తోణి అంటే వెండి పడవ. అది విడుదలై యాభై ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి ఏడాది పొడవునా స్వర్ణోత్సవాలు, జిల్లాకొక సెమినార్, ఎనిమిదో తరగతిలో ఒక పాఠం ఉంటాయని చెప్పారు.

"ఈ సినిమా ప్రింటు ప్రపంచంలో ఎక్కడా లేదు. లేనిదాన్ని ఇంతమంది ఇన్నాళ్ళుగా ప్రేమిస్తున్నారంటే అది ఎంత గొప్పదై ఉండాలో ఆలోచించండి" అన్నారు మంత్రిగారు.

అందరూ ఆలోచించి చప్పట్లు కొట్టారు.

ఆ సినిమాలో హీరో మంత్రిగారి నాన్నగారే. స్వర్గీయ వి.పి. కేళు. వరదలో నలభై మందిని పడవ మీద ఒడ్డుకు చేర్చిన దృశ్యంలో ఆయన నటన చూసి ఓటర్లు ఆయన్ని మూడుసార్లు గెలిపించారని చరిత్ర. ఆ చరిత్ర రాసింది కూడా సాంస్కృతిక శాఖే.

సభలో చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే. డ్రాయింగ్ మాస్టరుగా రిటైరైన చాత్తుకుట్టి మాష్. మాష్ అంటే అక్కడ మాస్టారు. ఆయనకు మంత్రిగారి మీద కోపమేమీ లేదు. ఆయన చేసిన తప్పల్లా ఒకటే. ఆ సినిమా చూశాడు.

ఏళిమంగలంలో ఏ సినిమాకి వెళ్ళాలన్నా జనం ముందు మొయ్దు టీకొట్టు దగ్గరికి వచ్చేవారు. కొట్టు గోడకి ఒక నల్లబల్ల. దాని మీద ప్రతి శనివారం మాష్ సుద్దముక్కతో రెండు లైన్లు రాసేవాడు. ఒక కొత్త సినిమా గురించి "మొదటి గంట హీరో నడిచాడు. రెండో గంట అదే నడక మెల్లగా నడిచాడు" అని రాస్తే, మూడోరోజుకి థియేటరువాళ్ళు ఆ సినిమా తీసేశారు. సొంత బావమరిది నిర్మించిన సినిమాకి "పాప్‌కార్న్ తాజాగా ఉంది" అని రాశాడు. ఆ బావమరిది ఓణం పండక్కి వాళ్ళింటికి రావడం మానేసి పదకొండేళ్ళయింది.

పాత సినిమాలన్నీ ఆణిముత్యాలు అనేవాళ్ళని చూస్తే మాష్‌కి ఒళ్ళు మండేది. "పాతవాటిలో చెత్తని కాలం ఊడ్చేసింది, కొత్తవాటిని ఇంకా ఊడవలేదు. అంతే తేడా" అనేవాడు. పాత సినిమాల్లో హీరోయిన్ మూడు రీళ్ళు దగ్గి, నాలుగో రీల్లో గుక్క తిప్పుకోకుండా పాట పాడటం ఆయనకు అర్థమయ్యేది కాదు. కొత్త సినిమాల్లో దీపాలు వెయ్యకపోవడం మాత్రం అర్థమైంది. వేస్తే నటన కనబడుతుందని భయం. ఇన్ని అన్నా వారానికి రెండు సినిమాలు చూడనిదే ఆయనకు అన్నం సయించేది కాదు. ముక్కూమొహం తెలియని మూడొందల మంది చీకట్లో ఒకే చోట నవ్వారంటే ఆ పూట ఊరు ఊరుగా ఉన్నట్టేనని ఆయన నమ్మకం.

సభ జరిగిన రెండోరోజున మంత్రిగారి పీఏ ఫ్రాన్సిస్ శాలువా పట్టుకుని మాష్ ఇంటికి వచ్చాడు. మాష్ భార్య యశోద టీ, అరటిపండు బజ్జీలు తెచ్చి పెట్టింది.

"మాష్, వెళ్ళిత్తోణి చూసినవాళ్ళలో బతికున్నది మీరొక్కరేనని తెలిసి మంత్రిగారు పొంగిపోయారు. మొదటి సెమినార్లో మొదటి ఉపన్యాసం మీదే."

"మొయ్దు కూడా ఉన్నాడుగా. అప్పుడు మీనాక్షి టాకీస్‌లో ఆపరేటరు."

"ఆపరేటర్లు చూడరు మాష్, వేస్తారు. మీరు చూశారు. అభిప్రాయం చెప్పాలి."

"బాగాలేదు."

ఫ్రాన్సిస్ బజ్జీ కిందపెట్టి నోట్‌బుక్ తీశాడు. "ఏ కోణంలో?"

"తెరకి ఎదురుగా కూచుని చూసిన కోణంలో."

"యాభై ఏళ్ళయింది కదా, సరిగ్గా గుర్తుండకపోవచ్చు. వరద సీను గుర్తుందా? నలభై మంది..."

"నలభై మంది లేరు. ఒక మేక ఉంది. దాన్ని పడవెక్కించి దాటించబోతాడు. ఉన్నవాళ్ళలో మేకే బాగా చేసింది."

"మేక..." అని ఫ్రాన్సిస్ రాసుకున్నాడు. "అణగారిన వర్గాలకి ప్రతీక అనుకోవచ్చా?"

"మేక అనుకోవచ్చు."

"మాష్, చలనచిత్ర అకాడమీలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. మంత్రిగారు మిమ్మల్నే అనుకుంటున్నారు. ఆ 'బాగాలేదు' అనే మాటని కొంచెం విస్తరిస్తే..."

"చాలా బాగాలేదు."

ఫ్రాన్సిస్ శాలువా మడిచి తిరిగి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ శనివారం బల్ల మీద ఇలా రాసి ఉంది: "వెళ్ళిత్తోణి. మీనాక్షి టాకీస్‌లో చూశాను. పడవ ఎనిమిదో రీల్లో మునిగింది. సినిమా రెండో రీల్లోనే."

రాష్ట్రం భగ్గుమంది. ఆ సినిమా మీద పరిశోధన చేసి డాక్టరేట్లు తెచ్చుకున్న నలుగురు సంయుక్త ప్రకటన ఇచ్చారు. పార్టీ యువజన విభాగం టీకొట్టు దాకా ఊరేగింపు తీసి, టీ తాగి, ధర్నా చేసింది. టీవీ చర్చకి మాష్‌ని కూడా పిలిచారు.

"సార్, మీరు ఆ సినిమా చూశారా?" అని మాష్ ఎదుటి కుర్చీలోని మేధావిని అడిగాడు.

"చూడటం అనేది చాలా సంకుచితమైన పద్ధతి మాష్. మేము దాన్ని అధ్యయనం చేశాం" అన్నాడు మేధావి. టీవీవాళ్ళు ఆ మాటను మళ్ళీ మళ్ళీ వేశారు.

ఆ వారంలోనే దృశ్య ఫిల్మ్ సొసైటీ అత్యవసరంగా సమావేశమైంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ క్రితం దాన్ని పెట్టినవాడు మాషే. "సినిమాను స్వయంగా చూసి, ఆ అవకాశాన్ని దుర్వినియోగం చేసి, ప్రజల జ్ఞాపకాన్ని గాయపరిచినందుకు" ఆయన్ని తొలగిస్తున్నట్టు తీర్మానించారు. చేతులెత్తిన పద్దెనిమిది మందిలో పదిహేను మంది ఆయన దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళకి మొదటి మంచి సినిమా చూపించింది ఆయనే. దుప్పటి కట్టి, అద్దె ప్రొజెక్టరు తన నెత్తి మీద మోసుకొచ్చి మరీ చూపించాడు. మాష్ ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా అరుగు మీద కూచున్నాడు.

"బాగుందని ఒక్క మాట అనేస్తే ఏం పోయింది? నువ్వే చెప్పు యశోదా" అన్నాడు.

"నన్నడిగితే ఏం చెప్పను? మా తమ్ముడి సినిమాకి పాప్‌కార్న్ బాగుందని రాసినప్పుడు నేనేమైనా అన్నానా?"

"అనలేదు."

"ఎందుకనలేదు? నేనూ చూశాను కనక. లేచి కాళ్ళు కడుక్కోండి."

మర్నాడు పొద్దున టీకొట్లో మొయ్దు ఆయనకు గ్లాసు అందించి, అటూ ఇటూ చూశాడు. "మాష్, నా టీ తాగుతూనే మిమ్మల్ని అబద్ధాలకోరంటున్నారు. ఇంక నావల్ల కాదు. లోపలికి రండి."

లోపల పంచదార బస్తాలు రెండు పక్కకి జరిపితే వాటి కింద తుప్పుపట్టిన ఇనప్పెట్టె ఉంది. మూత తెరిచేసరికి పాతబడ్డ ఊరగాయ జాడీ వాసన గుప్పుమంది. లోపల రేకు డబ్బాలు. పైడబ్బా మీద తెల్లరంగుతో 'వెళ్ళిత్తోణి' అని రాసి ఉంది.

"రెండోరోజు మ్యాట్నీకి ముగ్గురే వచ్చారు, మీతో కలిపి. సినిమా ఎత్తేశాం. పెట్టె తీసుకెళ్ళమని కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాం. జవాబు లేదు. టాకీస్ మూసేసినప్పుడు ఓనరు నన్నే పట్టుకుపొమ్మన్నాడు."

"మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదురా?"

"నన్నెవరడిగారు? అందరూ ప్రపంచమంతా వెతుకుతున్నారాయె" అన్నాడు మొయ్దు. "పద్నాలుగు రీళ్ళలో పదకొండు బాగున్నాయి. బాగున్నాయంటే, రీళ్ళ మాట చెప్తున్నా."

తిట్టినా పొగిడినా అది సినిమా. పోయిందనుకున్న సినిమా దొరికితే పోట్లాట మర్చిపోవాలి. మాష్ వెంటనే ఫ్రాన్సిస్‌కి ఫోన్ చేశాడు.

"ఫ్రాన్సిస్! ప్రింటు దొరికింది!"

"ఎంత దొరికింది?"

"పదకొండు రీళ్ళు!"

"అయ్యో" అన్నాడు ఫ్రాన్సిస్.

రెండోరోజు ఉదయమే మంత్రిగారు స్వయంగా వచ్చారు. మీనాక్షి టాకీస్ ఇప్పుడు కల్యాణమండపం. పాత ప్రొజెక్టరుని గుమ్మంలో అలంకారానికి పెట్టారు, పెళ్ళికూతుళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. మొయ్దు దానికున్న ప్లాస్టిక్ పూలు పీకేసి, ఒక రోజంతా తుడిచి, నూనె వేసి, తిప్పాడు. ప్రేక్షకులు ముగ్గురు. మంత్రిగారు, ఫ్రాన్సిస్, మాష్. విలేకరులు గేటు బయట నిలబడ్డారు.

తెర మీద కేళుగారు వచ్చారు. విగ్గు కొంచెం ఎడమవైపుకి వాలింది. డైలాగ్ మర్చిపోయి కెమెరావైపు చూశారు. కెమెరా కూడా ఆయన్నే చూసింది. ఐదో రీల్లో ఫ్రాన్సిస్‌కి ఫోన్ వచ్చింది. అతడు బయటికి వెళ్ళి, ఫోన్ అయిపోయినా లోపలికి రాలేదు. ఎనిమిదో రీల్లో మేక పడవెక్కింది. పడవ ఒరిగింది. కేళుగారు నీళ్ళలో పడ్డారు, చేతులు కొట్టుకుంటూ ఒకసారి పైకి లేచి, ఎవరినో పిలిచి, మళ్ళీ మునిగారు.

మంత్రిగారు కుర్చీలో ముందుకి జరిగారు.

"నాన్నకి ఈత రాదు" అన్నారు మెల్లగా. "అమ్మ చెప్పేది."

"తెలుస్తోంది సార్" అన్నాడు మాష్. "ఈ సినిమా మొత్తంలో ఆ పన్నెండు సెకన్లే నిజం. నేను ఆరోజు గమనించలేదు. ఇవాళ ఒప్పుకుంటున్నా. ఆ పన్నెండు సెకన్లు చాలా బాగున్నాయి."

"మిగతాది?"

"మిగతాది మీరూ చూశారు కదా సార్."

మంత్రిగారు వెనక్కి తిరిగి, "మొయ్దూ, ఆ ముక్క ఇంకోసారి వేస్తావా?" అన్నారు. మొయ్దు మూడుసార్లు వేశాడు. మూడోసారి మంత్రిగారు నవ్వారు, నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో తన మాట ఇంత బాగా విన్న ప్రేక్షకుడు మాష్‌కి ఇంకొకరు లేరు. ఈ మనిషి బయటికి వెళ్ళి నిజం చెప్పేస్తాడని ఆయన గుండె ఉప్పొంగింది.

మంత్రిగారు తడికళ్ళతోనే గేటు దగ్గరికి వెళ్ళారు. ఇరవై మైకులు ముందుకొచ్చాయి.

"మిత్రులారా, వెళ్ళిత్తోణి దొరికింది! ఇన్నాళ్ళూ మనం అనుకున్నదానికంటే అది ఎన్నో రెట్లు గొప్పగా ఉంది. వేసిన ప్రతిసారీ ఫిల్ము అరుగుతుందని నిపుణులు చెబుతున్నారు. అందుకని రాబోయే వందేళ్ళు ఎవరూ చూడకుండా దీన్ని కాపాడుకుంటాం!"

విలేకరులు కూడా చప్పట్లు కొట్టారు.

"మేక గురించి చెప్పలేదేం సార్?" అని మాష్ జనం వెనకనుంచి అరిచాడు. ఎవరికీ వినబడలేదు. పోలీసులు పెట్టెను పూలదండలు వేసి జీపెక్కించారు. మొయ్దుకి పెట్టె ముట్టినట్టు రసీదు ఇచ్చారు.

రాజధానిలో గాలి చొరబడని పరిరక్షణ భవనం కట్టారు. దానికి కిటికీలు లేవు, తలుపుకి మూడు తాళాలు. మంత్రిగారు ప్రారంభించిన రోజున జనం బారులు తీరి ఆ తలుపుని చూసి వెళ్ళారు. కొందరు కంటతడి పెట్టుకున్నారు. భవనం ఒక్క పెట్టెకి మరీ పెద్దదైపోయిందని గ్రహించి, కొత్త దర్శకులు కూడా తమ సినిమాలను నేరుగా అక్కడే భద్రపరచుకునేలా ప్రభుత్వం ఒక ప్రోత్సాహక పథకం పెట్టింది.

నాలుగైదు నెలల తరవాత మాష్ పాత విద్యార్థి, దర్శకుడు శినోజ్, మిఠాయి డబ్బాతో టీకొట్టుకి వచ్చాడు. తొలగింపు తీర్మానానికి చెయ్యెత్తినవాళ్ళలో అతడూ ఉన్నాడు.

"మాష్, ఆశీర్వదించండి. నా సినిమా పరిరక్షణ భవనంలోకి వెళ్ళింది."

"సంతోషంరా. ఎప్పుడు తీశావు? చెప్పనైనా చెప్పలేదే."

"తియ్యలేదు మాష్."

మాష్ మిఠాయి నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "మరి భవనంలోకి ఏం వెళ్ళింది?"

"డబ్బా. పేరు రాసిచ్చాను. వందేళ్ళదాకా ఎవరూ మూత తియ్యరు కదా మాష్. తీస్తే ఖర్చు, పైగా జనం చూస్తారు. చూస్తే మీలాంటివాళ్ళు రాస్తారు." కోపంతో అన్న మాట కాదది. నిజంగానే గురువుగారికి విషయం బోధపడాలని అన్నాడు. "విమర్శకులు చాలా బాగుందంటున్నారు."

తరవాతి ఓణానికి రాష్ట్ర అవార్డులు ప్రకటించారు. మొయ్దు టీ గ్లాసు పక్కన పేపరు పరిచి పెట్టాడు. ఉత్తమ చిత్రం శినోజ్‌ది. ఛాయాగ్రహణానికి ప్రత్యేక ప్రశంస కూడా ఉంది. మాష్ కళ్ళద్దాలు సర్దుకుని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాడు. ఈసారి పోటీకి ఇరవైమూడు సినిమాలు వచ్చాయి. వాటిలో తీసినవి నాలుగు. ఆ నాలుగింటినీ సాంకేతిక కారణాలతో తిరస్కరించారు. కారణం నాలుగింటికీ ఒకటే రాశారు: "ప్రదర్శనకు వీలుగా ఉన్నది."

మాష్ పేపరు తిప్పి థియేటర్ల పేజీ వెతికాడు. ఆ నాలుగింటిలో ఒకటి పక్క ఊళ్ళో రోజూ మధ్యాహ్నం రెండున్నర ఆట ఆడుతోంది.

"మొయ్దూ, కొట్టు కట్టెయ్. యశోదని కూడా పిలుస్తాను. సినిమాకి పోదాం."

మొయ్దు పొయ్యి ఆర్పుతూ అడిగాడు. "ఎలా ఉందిట మాష్?"

"తీశారట."