కాచి చల్లార్చిన కృష్ణ

బడికి పోలేని సువార్తకు తప్పిపోయిన పాఠం చెప్పడానికి కృష్ణానది బుధవారం పొద్దున్నే పిల్లల క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చి, గేటు దగ్గర పాసు కోసం వరుసలో నిలబడింది. ఇందులో వింతేమీ లేదు. జబ్బుపడిన పిల్లలు పాఠాల దగ్గరికి పోలేరు కాబట్టి పాఠాలే పిల్లల దగ్గరికి పోవాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు వచ్చాక పాఠాలకు మాత్రం తప్పుతుందా?

అంతకుముందు వారం భిన్నాలు వచ్చి వెళ్ళాయి. పాసుకు ఒకరే అంటూ వాచ్‌మన్ లవాన్ని లోపలికి వదిలి హారాన్ని బయటే ఆపేశాడు. విడదీస్తే పాఠం చెడిపోతుందని ఆసుపత్రి టీచరమ్మ గడ్డం పట్టుకుని బతిమాలితే గానీ వదల్లేదు. అగ్నిపర్వతానికి మాత్రం ‘పొగ తాగరాదు’ బోర్డు చూపించారు. లోపల ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి మరి. పాపం, అది కిక్కురుమనకుండా తిరిగిపోయింది.

సువార్త ఏడో తరగతి. జుట్టంతా ఊడిపోయినా ఏడవలేదు గానీ, తోటిపిల్లలంతా ఎనిమిదిలోకి పోతే తాను చిన్నపిల్లల మధ్య మిగిలిపోతానేమోనని బెంగపెట్టుకుంది. చేతికి సూది గుచ్చిన ప్రతిసారీ, “అమ్మా, ఎనిమిదిలోకి పోతానా?” అని అడిగేది. “పోతావు నా తల్లీ, పోకేం” అనేది వాళ్ళమ్మ రూతమ్మ.

నదిని వార్డు గుమ్మంలో నర్సు ఆపింది.

“పాపకి తెల్లకణాలు బాగా పడిపోయినయ్యండీ. పచ్చినీళ్ళు లోపలికి రానివ్వం. కాచి చల్లార్చాలి.”

నది అభ్యంతరం చెప్పలేదు. క్యాంటీన్‌లో గుండిగలు ఎక్కించి మధ్యాహ్నం దాకా కాచి చల్లార్చారు. ఈలోగా ఇంకో నిబంధన అడ్డొచ్చింది. మంచానికి ఒక్క మనిషే ఉండాలి. కాబట్టి నది లోపలికి వెళ్తే రూతమ్మ బయటికి రావాలి. వచ్చి, తలుపు అద్దానికి ముఖం ఆనించి నిలబడింది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఔరా, ఏమని చెప్పేది! ఒడ్డుకూ ఒడ్డుకూ మధ్య కంటిచూపు ఆనని నది, వరండాలో ఒద్దికగా మలుపు తిరిగి, మంచాల కింద నుంచి, ఒక్క చెప్పును కూడా తడపకుండా పారుకుంటూ వచ్చింది. పిల్లలంతా కాళ్ళు కిందికి దించారు. రూతమ్మది మార్కాపురం పక్కన మెట్ట ఊరు. అంత నీటిని ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా చేతులు జోడించింది.

“ఓరి దేవుడో! మా ఊరికి ట్యాంకరు రమ్మంటే రాదు. నా బిడ్డ బడికి రాలేదని ఏరే నడిచొచ్చిందే!”

సువార్త నీళ్ళలోకి వంగి చూసింది. “మరి చేపలేవీ?”

“కాచారమ్మా” అంది నది.

తర్వాత నది తాను పుట్టిన కొండ గురించి, దారిలో తనలో కలిసిన ఏర్ల గురించి, తనను ఆపిన డ్యాముల గురించి చెప్పింది.

“ఆపేస్తే ఏం చేస్తావ్?” అని అడిగింది సువార్త.

“నిండేదాకా ఆగుతాను.”

పొద్దుటి నుంచి గుక్కెడు గంజి కూడా మింగని పిల్ల, దీపాలు పెట్టేవేళ దాకా వెన్ను వాల్చకుండా కూర్చుని విన్నది.

వేసవి మొదలయ్యేసరికి పాఠాలన్నీ వచ్చిపోయాయి. రూతమ్మ ఊరెళ్ళి హెడ్మాస్టరు పురుషోత్తం గారిని కలిసింది. ఆయన మంచివాడే. కుర్చీ వేయించి, పిల్లకెలా ఉందని అడిగి, అయ్యోపాపం అని కూడా అన్నాడు.

“పాఠాలన్నీ గడగడా అప్పజెప్తాంది సారూ. ఎనిమిదిలోకి పంపండి.”

“సంతోషమమ్మా. కానీ పిల్ల బళ్ళో లేదు గదా, హాజరెట్లా వేసేది? ఆ మాటకొస్తే, ఆ బుధవారం నదికి కూడా ఆబ్సెంటే వేశాం.”

“పోనీ మీరే ఒకసారి ఆసుపత్రికి రాండి సారూ. పక్కన కూచ్చోని ఒక్క ప్రశ్న అడగండి.”

హెడ్మాస్టరు నిజంగానే విస్తుపోయాడు. “నేనా? అక్కడికా? ఎట్లా కుదురుతుందమ్మా!”

రూతమ్మ ఆలోచించింది. పెద్దచదువుల సారు ఒకాయన బస్సెక్కి, ఆసుపత్రి దగ్గర దిగి, జబ్బుపడిన పిల్ల మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చోవడాన్ని ఊహించుకోవాలని చూసింది. ఎంత ప్రయత్నించినా అది ఆమె కళ్ళకు కట్టలేదు.

“నిజమేలే సారూ, అయ్యే పని కాదు” అని దండం పెట్టి లేచింది.