బాలరాజ్ రెండు చెవులు

ఆ పొద్దున ముత్యమ్మ అనుకున్నది చిన్న పనే. కొడుకు బాలరాజ్ చెవులు శుభ్రం చేసి, తలస్నానం చేయించి, వేడివేడి జొన్నరొట్టె పెట్టి ఫ్యాక్టరీకి పంపాలి. పటాన్‌చెరులో రేకులు వంచే ఫ్యాక్టరీలో వాడు కాంట్రాక్టు మనిషి. ఆ రోజు వాడికి చెవుల పరీక్ష ఉంది. నెగ్గితే పర్మినెంటు, తప్పితే ఇంటికి. పర్మినెంటు అయినా మళ్ళీ రేకులు వంచే ఆ ప్రెస్ మిషన్ మీదే పని. దాని కింద వేళ్ళు పోగొట్టుకున్న వాళ్ళ సంగతులు వాళ్ళుండే పటేల్‌గూడలో ఏ గల్లీలోనైనా వినవచ్చు. ఆ మిషన్ పేరెత్తితేనే ముత్యమ్మకు గుండె దడ. అయినా నౌకరీ నౌకరీయే.

పరీక్షకు పోయే పిల్లవాడి చెవుల్లో గుబిలి కనిపిస్తే తల్లిని కదా అంటారు. అందుకే ముందు రోజే వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె రెండు చెవుల్లోనూ పోసింది. పొద్దున అగరుబత్తి పుల్లకు దూది చుట్టి, ప్రతి ఆదివారం చేసే పనే ఇంకాస్త లోతుగా చేసింది. పుల్లకు కొంచెం గుబిలి అంటుకొచ్చింది. మిగతాది ఎటు పోయిందని ఆమె ఆలోచించలేదు. ఆ తరువాత చెవుల నిండా నీళ్ళు పోయేలా తల రుద్దింది. చెవులు దిమ్మెక్కినట్టు ఉన్నాయని వాడంటే, నూనె తొవ్వలో ఆరిపోతుందని చెప్పి సాగనంపింది.

ఫ్యాక్టరీలో బాలరాజ్‌ను చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెట్టెల్లాంటివి తగిలించి, కూత వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. వాడు బుద్ధిగా కూర్చున్నాడు. చాలాసేపటికి పరీక్ష చేసే మేడం వచ్చి భుజం తట్టింది.

"ఎప్పుడు మొదలుపెడతరు మేడం?" అని అడిగాడు వాడు.

పరీక్ష అప్పటికే అయిపోయింది.

తనకు చెవులు వినపడవని కాగితం మీద రాసి చూపించారని వాడు తల్లికి ఫోన్ చేసి చెప్పాడు. ముత్యమ్మ అడిగినవేవీ వాడికి వినపడలేదు. కాసేపు ఇద్దరూ ఎవరికి తోచింది వాళ్ళు అరిచి ఫోన్ పెట్టేశారు. ముత్యమ్మ గడప మీద కూర్చుని శోకాలు పెట్టింది. రోడ్డు దాటుతున్న కొడుకు, వెనక లారీ, హారన్ వినపడని చెవులు, అన్నీ ఆమె కళ్ళ ముందే జరిగిపోయాయి. పక్కింటి బేగంబీ మంచినీళ్ళు తెచ్చి ఓదార్చబోయి, తన మరిది కూడా మిషన్ల చప్పుడుకే చెవులు పోగొట్టుకున్నాడని, వాడు టీవీ పెడితే గల్లీ మొత్తం వార్తలు వింటుందని చెప్పింది. ముత్యమ్మకు ఆ మాట చాలు. కొంగు బిగించి ఆటో ఎక్కింది.

గేటు దగ్గరికి చేరేసరికి సరిగ్గా షిఫ్టు విడిచారు. వాచ్‌మన్ ఆపబోతే ఆమె అక్కడే నడిరోడ్డు మీద నిలబడింది.

"రెండు చెవులు మంచిగున్న కొడుకును పంపిన నేను. గిన్నె కదిలితే నిద్ర లేచేటోడు. మీ మిషన్ వాన్ని చెవిటోన్ని చేసింది. ఇగ వాన్ని నేనేం జేసుకోవాలె, జెర చెప్పుండ్రి."

బయటికి వస్తున్న జనం ఆగిపోయారు. తన చెవిలో కూడా ఎప్పుడూ గుయ్యిమంటుందని ఒకడన్నాడు. ఇంకొకడికి రెండు చెవుల్లోనూ అంతేనట. చెవుల సంగతి తెలియదు గానీ క్యాంటీన్ సాంబారు మాత్రం నీళ్ళేనని మరొకడు అందుకున్నాడు. ఎవరో ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టారు. మనుషుల వ్యవహారాలు చూసే ఆఫీసరు ప్రభాకర్ చెమటలు తుడుచుకుంటూ వచ్చి లోపల కూర్చుని మాట్లాడుకుందామన్నాడు. చెప్పేదేదో ఇక్కడే చెప్పమంది ముత్యమ్మ.

ఆయన వీడియో వైపు ఒకసారి చూశాడు. "అమ్మా, బాలరాజ్ పర్మినెంటు. ప్రెస్ మిషన్ వద్దు. స్టోరు రూంల కూసుండే పని ఇస్తం. ముందుగాల నా కార్లనే చెవుల డాక్టరు దగ్గరికి పోదాం నడువుండ్రి."

జనం చప్పట్లు కొట్టారు. కుర్చీ, ఫ్యాను, పది వేళ్ళూ భద్రం. ముత్యమ్మ కోపం సగం దిగింది. విషయం గేటు పక్కన నిలబడ్డ బాలరాజ్‌కు సైగలతో చెప్పారు. వాడికి కుర్చీ ఒక్కటే అర్థమైంది.

డాక్టరు లైటు వేసి ఒక చెవి చూశాడు, రెండోదీ చూశాడు. ఇది చెవుడు కాదన్నాడు. లోపలంతా గుబిలేనట, ఎవరో దట్టించి కూరినట్టుందట.

"పుల్ల పెట్టేదెవరు?" అని అడిగాడు.

"తల్లి గాక ఎవరు పెడతరు?" అంది ముత్యమ్మ రోషంగా.

చెవి తన గుబిలిని తానే మెల్లగా బయటికి తోసుకుంటుందని, పుల్ల పెడితే అది ఇంకా లోపలికి పోతుందని డాక్టరు చెప్పాడు. పైన నూనె, నీళ్ళు పడేసరికి అది ఉబ్బి దారి మూసేసింది. చెవి మూసుకుపోయినట్టున్నా, గుయ్యిమన్నా డాక్టరుకు చూపించాలి గానీ పుల్ల జోలికి పోవద్దన్నాడు. ఇన్నేళ్ళ తన శ్రద్ధ మీద ఆ మాట పడేసరికి ముత్యమ్మ ముఖం ఎర్రబడింది. ఈలోగా డాక్టరు సన్న గొట్టం పెట్టి రెండు చెవుల్లోంచీ నల్లటి ముద్దలు లాగేశాడు. ఫ్యాను చప్పుడుకు బాలరాజ్ ఉలిక్కిపడ్డాడు.

ప్రభాకర్ గది మూలకు పోయి, వెనక నుంచి గుసగుసగా పిలిచాడు. "బాలరాజ్."

ముత్యమ్మ గబుక్కున కొడుకు చేయి గిచ్చింది.

"ఎందుకు గిచ్చుతున్నవే అమ్మా? సారు పిలుస్తుండు," అని వాడు వెనక్కి తిరిగాడు.

ప్రభాకర్ ముఖం వెలిగిపోయింది. "చెవులు బంగారమమ్మా. పర్మినెంటు మాట తప్పను. రేపట్నుంచి ప్రెస్ మిషన్‌కే రమ్మనుండ్రి."

"మరి స్టోరు రూం, సారూ?"

"అది వినపడనోళ్ళకు గదమ్మా."

తిరిగి వస్తుంటే ఆటోలో బాలరాజ్ ప్రతి హారన్‌కూ మురిసిపోతున్నాడు. ఒక్క చెవిలోనే గుబిలి తీసి ఊరుకుంటే ఆ డాక్టరు సొమ్మేం పోయేదని ముత్యమ్మ పటేల్‌గూడ దాకా తిడుతూనే వచ్చింది.