సెకండాఫ్ రద్దు

ఒక పెద్ద అడవిలో సినిమా డేరా ఒకటి ఉండేది. అడవికి డేరా ఎలా వచ్చిందంటే, మనుషుల టూరింగ్ టాకీసు ఊరు మారబోయి దారి తప్పి వచ్చింది. పులి గాండ్రింపు వినపడగానే మనుషులు చెప్పులు కూడా వదిలేసి పారిపోయారు. డేరా, తెర, మిషను, ఒక కెమెరా, నాలుగు బళ్ళ రీళ్ళు అక్కడే మిగిలాయి.

మిషను తిప్పడం ఎర్రన్న అనే ఎలుగుబంటి నేర్చుకున్నాడు. గురువెవరూ లేరు. వేళ్ళు కాల్చుకుని నేర్చుకున్నాడు. వారానికొక బొమ్మ, మధ్యాహ్నం మ్యాట్నీ ఒక్క ఆట.

అయితే ఆ అడవిలో అసలు వినోదం బొమ్మ కాదు, బొమ్మ తర్వాత జరిగేది. డేరాకి కూతవేటు దూరంలో ఇప్పచెట్టు, దాని కింద ఒక బండ ఉన్నాయి. ఆట చూసి ఎవరు ముందొచ్చి బండెక్కితే వాళ్ళు బొమ్మ ఎలా ఉందో చెప్పాలి, మిగతావాళ్ళు చుట్టూ చేరి వినాలి. రెండోవాడు ఎక్కేసరికి సగం మంది ఇళ్ళకు పోతారు. మూడోవాడి అభిప్రాయం ఇంతవరకూ ఏ జంతువూ విన్న దాఖలా లేదు.

అందుకని అందరికీ తొందరే. మొదట్లో శుభం కార్డు పడగానే పరుగెత్తేవారు. కొన్నాళ్ళకి క్లైమాక్సు ఫైటు మొదలవగానే లేచేవారు. చివరికి ఇంటర్వెల్ లైటు వెలిగితే చాలు, చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కూడా ఇప్పచెట్టు దగ్గరే తేలేవారు.

మరి సగం చూసి మొత్తం బొమ్మ గురించి చెప్పడం ఎలా? ఆ కిటుకు నక్క పరబ్రహ్మం కనిపెట్టాడు. బండెక్కి, గొంతు సవరించుకుని, ఆకాశంలోకి చూస్తూ అనేవాడు:

"ఫస్టాఫ్ బాగుంది. సెకండాఫే కొంచెం సాగింది."

ఈ మాట ఏ బొమ్మకైనా అతికినట్టు సరిపోయేది. కాదనేవాడు లేడు. సెకండాఫ్‌లో డేరాలో ఎవడైనా ఉంటే కదా కాదనడానికి!

పరబ్రహ్మం వెనక గాడిద విశ్వపతి ఎక్కేవాడు. ఆయన ఒకసారి ఏరు దాటి మూడు రోజులు అవతలి అడవిలో ఉండి వచ్చాడు. "పై అడవుల్లో ఇలాంటివి ఎప్పుడో తీసేశారు," అనేవాడు. ఆ తర్వాత నెమలి పింఛాలరావు. హీరోల అభిమాన సంఘాలన్నిటికీ ఆయనే అధ్యక్షుడు. హీరో ఎంట్రీకి ఆయన పీక్కున్న ఈకలతో ఒక చీపురు కట్టొచ్చు.

మృగరాజు సింహం ముందు వరసలో పడుకునేవాడు. లైటు ఆరగానే నిద్ర, లైటు వెలగ్గానే మెలకువ. "ఎలా ఉందిరా పరబ్రహ్మం?" అని అడిగి, నక్క చెప్పిందే తన అభిప్రాయంగా పట్టుకుపోయేవాడు.

సెకండాఫ్‌లో ఎవడూ లేడన్నాను. ఒక్క ముసలి తాబేలు మాత్రం ఉండేది, నూకాలమ్మవ్వ. ఆవిడ మడుగు రెండు గుట్టల అవతల. ఆట రోజున తెల్లవారకముందే బయల్దేరినా ఆవిడ డేరా చేరేసరికి ఇంటర్వెల్ లైటు వెలిగేది. బయటికి పరుగెత్తే కాళ్ళ సందుల్లోంచి లోపలికి వచ్చి, ఖాళీ డేరాలో నడిమధ్యన కూర్చునేది. జన్మలో ఒక్క ఫస్టాఫ్ కూడా చూడలేదు.

"మొదలు తెలీకుండా ఏం అర్థమవుద్దవ్వా నీకు?" అని ఎర్రన్న ఒకరోజు అడిగాడు.

"మొదలు నాకు తెలుసులేరా. మా జాతి చేసేదే మొదలు. ఇసకలో గుడ్లు పెడతాం, కప్పెడతాం, వచ్చేస్తాం. వెనక్కి తిరిగి చూసేది లేదు. ఎన్ని పిల్లలయ్యాయో, ఏది ఎటు పోయిందో దేవుడికెరుక. ఆఖర్న పిల్లలు ఇల్లు చేరడం నీ తెరమీదే చూశాన్రా, ఎర్రన్నా."

ఎర్రన్న మిషనుకి నూనె వేస్తున్నట్టు అటు తిరిగిపోయాడు.

ఆ వారం బొమ్మలో ఇద్దరు అన్నదమ్ములు, ఒక ఏరు. ఆట అవగానే ఎర్రన్న అవ్వని వీపుమీద ఎక్కించుకుని గబగబా ఇప్పచెట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. అప్పటికి పరబ్రహ్మం అదే మాట తిప్పి తిప్పి చెబుతూ ఇంకా బండమీదే ఉన్నాడు.

"...సెకండాఫే కొంచెం సాగింది," అంటున్నాడు.

"సాగిందా? ఎక్కడ సాగింది నాయనా?" అంది అవ్వ ఎలుగు వీపుమీంచి.

"అదే... కథ."

"కథలో ఎక్కడ? పడవ తిరగబడిందే, అక్కడా? తమ్ముడు తాటిదుంగ పట్టుకుని మూడు ఊళ్ళు కొట్టుకుపోయాడే, అక్కడా?"

"వరదొచ్చిందా?" అని ఒక కోతి నోరు తెరిచింది. "ఎప్పుడొచ్చింది?"

"నువ్విక్కడ పేలు చూసుకుంటున్నప్పుడు వచ్చింది."

అడవంతా విరగబడి నవ్వింది. సింహం ఒక కన్ను తెరిచాడు. "పరబ్రహ్మం, నువ్వు వరద చూశావా?"

"చూడక్కర్లేదు మహారాజా. ఫస్టాఫ్‌లో మబ్బు చూపించాడు. నాలాంటి అనుభవజ్ఞుడికి అది చాలు."

మళ్ళీ నవ్వారు. బండమీద ఉండగా నక్కని చూసి నవ్వడం అదే మొదలు. పరబ్రహ్మం నవ్వుతూనే బండ దిగాడు గానీ, తోక మాత్రం నవ్వలేదు.

మర్నాడే 'అభిరుచి పరిరక్షణ మండలి' ఏర్పడింది. అధ్యక్షుడు పరబ్రహ్మం, కార్యదర్శి విశ్వపతి, సభ్యుడు పింఛాలరావు. సింహం సమక్షంలో మొదటి తీర్మానం చదివారు.

"సెకండాఫ్ సాగుతోందని వారం వారం ఫిర్యాదులు వస్తున్నాయి. ప్రజల అవస్థ చూడలేక నేటినుంచి సెకండాఫ్ రద్దు చేయడమైనది."

"ఫిర్యాదు చేసిందెవరండీ?" అన్నాడు ఎర్రన్న.

"నేనే. మూడేళ్ళ నుంచి చేస్తున్నాను. వినలేదా?"

"మధ్యలో కోసేస్తే కథ తెగిపోద్ది, అధ్యక్షా!"

"తెగితేనే కొత్తదనం," అన్నాడు విశ్వపతి. "పై అడవుల్లో అంతే."

"మా హీరో ఎంట్రీ ఫస్టాఫ్‌లోనే కదా? అయితే మాకేం అభ్యంతరం లేదు," అన్నాడు పింఛాలరావు.

"కోయనంటే చెప్పు ఎర్రన్నా," అన్నాడు పరబ్రహ్మం తియ్యగా. "డేరా గుడ్డ విప్పి మహారాజుగారి గుహకి చాందినీ కట్టిస్తాం. మహారాజా, ఎండ బాగా ఉంటోంది కదండీ?"

"ఉంటోంది," అన్నాడు సింహం. ఎర్రన్న కత్తెర తీశాడు.

వారం తిరిగి నూకాలమ్మవ్వ వచ్చేసరికి డేరా ఖాళీ. మిషను చప్పుడు లేదు. తెర తెల్లగా ఉంది.

"ఇవాళ ఇంతేనవ్వా," అన్నాడు ఎర్రన్న నేల చూస్తూ.

"ఇంతేనేమిట్రా? పిల్ల నూతిలో పడిందని బయట చెప్పుకుంటున్నారు. తియ్యరా?"

"తియ్యరవ్వా. నుయ్యి దాకానే ఆట."

అవ్వ కదల్లేదు. తెల్ల తెర వంకే చూసింది. "అయితే ఆ పిల్ల ఇంకా నూతిలోనే ఉందా?" అంది.

ఎర్రన్న ఆ మాట భరించలేకపోయాడు. "అవ్వా, నీ దారిలో గుట్ట గుహ ఉంది కదా. ఇకనుంచి డేరాకి రాకు, అక్కడికి రా," అన్నాడు. కోసిన రీళ్ళు గోనెలో వేసుకుని, మిషను భుజానెత్తుకుని, ఆ సాయంత్రమే గుహ గోడమీద బొమ్మ ఆడించాడు. పిల్లని నూతిలోంచి తీశారు. అవ్వ మెడ లోపలికి లాక్కుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ బయటికి పెట్టింది.

ఇక్కడ డేరా దగ్గర మండలికి కొత్త చిక్కు వచ్చింది. పరబ్రహ్మం బండెక్కి "ఫస్టాఫ్ బాగుంది," అని ఆగిపోయాడు. తర్వాత ఏమనాలి? ఉన్నదే ఫస్టాఫ్. జనం ఎదురు చూస్తున్నారు. బాగున్న బొమ్మ బాగుందంటే వినడానికి ఎవడొస్తాడు?

"మొదటి పావు బాగుంది," అన్నాడు చివరికి. "రెండో పావే కొంచెం సాగింది."

అమ్మయ్య అనుకుని జనం ఇళ్ళకు పోయారు. మరుసటి వారం పావు కాగానే డేరా ఖాళీ. ఆ పై వారం మండలి రెండో పావు కూడా రద్దు చేసింది. తర్వాత పావులో సగం. తర్వాత హీరో ఎంట్రీ.

"ఎంట్రీ తీసేస్తే మా వాళ్ళు ఊరుకోరు!" అని పింఛాలరావు ఎగిరాడు.

"పేరు పడుతుంది కదయ్యా, పేరుకి ఈకలు పీక్కోండి," అన్నాడు పరబ్రహ్మం. పీక్కున్నారు.

మూడు నెలలు తిరిగేసరికి ఆట అంటే పేర్లు పడటమే. జనం మొదటి పేరు చూసి ఇప్పచెట్టు దగ్గరికి పరుగెత్తేవారు. "మొదటి పేరు బాగుంది, తర్వాతవి సాగాయి," అని పరబ్రహ్మం. "అక్షరాల్లో లోతుంది," అని విశ్వపతి. అడవికి ఇంత నాణ్యమైన అభిప్రాయాలు ఎన్నడూ లేవని అందరూ అనుకున్నారు.

గుహలో మాత్రం పోగైన ముక్కలన్నీ అతికి ఎర్రన్న పూర్తి బొమ్మలు ఆడిస్తున్నాడు. అవ్వ తొలిసారి ఫస్టాఫులు కూడా చూసింది. "ఎవరు తీశారో తెలీదు గానీ, బొమ్మ తీశార్రా!" అనేది.

ఇంతలో సింహానికి ఏలుబడి పదేళ్ళు నిండింది. పరబ్రహ్మం మనుషులు వదిలేసిన కెమెరా పట్టుకుని, రాజుగారి మీదే ఒక బొమ్మ తీశాడు. పేరు 'గుహ దాటిన గర్జన'. ఆట రోజున సింహం జూలు దువ్వించుకుని వచ్చాడు. తనని తాను చూసుకోవాలన్న ఆత్రంలో జీవితంలో మొదటిసారి నిద్రపోలేదు.

లైటు ఆరింది. తెరమీద 'సమర్పణ: పరబ్రహ్మం' అని పడింది. తన పేరు చూడగానే నక్క అలవాటు కొద్దీ బండ వైపు పరుగు తీశాడు. జనమంతా వెనకే. మిగతా పేర్లు పడ్డాయి. లైటు వెలిగింది.

డేరాలో సింహం ఒక్కడే. "ఎర్రన్నా! నేనేడీ?"

"గుట్ట గుహలో ఉన్నారు మహారాజా."

"ఇక్కడే ఉన్నాను కదరా!"

"తెరమీది తమరండీ. మండలి రూలు ప్రకారం పేర్ల తర్వాత ఉన్నదంతా కోసేశాను. తమరు పేర్ల తర్వాతే వస్తారు."

సరిగ్గా అప్పుడే బయటినుంచి పరబ్రహ్మం గొంతు వినపడింది. "మహారాజుగారి పేరు బాగుంది. ఆ తర్వాతే మహారాజుగారు కొంచెం సాగారు."

సింహం డేరా గుడ్డ చీల్చుకుని బయటికొచ్చాడు. "సాగానా?"

నక్క బండమీదే కూలబడ్డాడు. "మహారాజా, నోటికి అదే అలవాటైపోయిందండీ..."

"తీసింది నువ్వే. సాగానంటున్నదీ నువ్వే. పదండి గుహకి, అందరూ!"

అడవంతా గుహలో కిక్కిరిసింది. అవ్వ అప్పటికే ముందు కూర్చుని ఉంది. బొమ్మ మొదలైంది. గోడమీద సింహం ఒక కొండెక్కి గర్జించాడు. దిగి, ఇంకో కొండెక్కి గర్జించాడు. మూడో కొండ ఎక్కేసరికి ముందు వరసలోంచి రాజుగారి గురక వినపడింది. ఆ గురక వినగానే మండలి పెద్దలు ఒక్కొక్కరే జారుకున్నారు. వెనకే మిగతావాళ్ళు.

ఆట అయ్యాక సింహం లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఎలా ఉంది?"

జవాబు చెప్పడానికి ఒక్క నూకాలమ్మవ్వ తప్ప ఎవరూ లేరు. బాగుందని చెప్పమని ఎర్రన్న మిషను వెనకనించి చేతులు జోడిస్తున్నాడు. రాజుకి కోపమొస్తే ఈ గుహా పోతుంది, ఈ రీళ్ళూ పోతాయి. అవ్వకి ఆ సంగతి తెలుసు.

"గర్జనలు బాగున్నాయి దొరా, లెక్కకి పదకొండు," అంది. "పిల్లలు మాత్రం ఇల్లు చేరలేదు."

"ఏ పిల్లలు?"

"తమ పిల్లలే. రెండో కొండ దగ్గర తమరి గర్జనకి జడిసి రెండు కూనలు పొదల్లోకి పారిపోయాయి. ఆ తర్వాత వాటి ఊసే లేదు. తీసినవాడు మర్చిపోయాడు."

సింహం మొహం మారిపోయింది. నిజంగానే ఆ కూనలు కనిపించి నెలరోజులైంది. రాణి వెతుకుతోంది. తను కొండలెక్కుతూ ఉన్నాడు.

"తర్వాత ఏమైంది?" అన్నాడు చిన్నగా.

"నాకేం తెలుసు దొరా? అది సెకండాఫ్. తమరే తియ్యాలి."

సింహం వెళ్ళి వెతికాడు. నాలుగో రోజున కూనలు ఏటి ఒడ్డున దొరికాయి, బక్కచిక్కి, బురదలో. ఇల్లు చేర్చి, తిరిగొచ్చి ఆజ్ఞ జారీ చేశాడు. మండలి రద్దు. కోసినవన్నీ అతకాలి. శుభం కార్డు పడకముందే లేచినవాడి కాళ్ళు విరిచేస్తానన్నాడు.

ఆ వారం మళ్ళీ నూతిలో పడిన పిల్ల బొమ్మ వేశారు. అవ్వ డేరాకే వచ్చింది, ఇంటర్వెల్‌కి. ఈసారి ఆవిడకి అటూ ఇటూ ఊపిరాడనంత జనం. పిల్లని నూతిలోంచి తీస్తుంటే పింఛాలరావు ఈకలు పీక్కోవడం మర్చిపోయాడు. విశ్వపతి ముక్కు ఎగబీలుస్తున్నాడు.

ఆట వదిలాక పరబ్రహ్మం బండెక్కాడు. నోరు తెరిచాడు. "ఆ పిల్ల... తాడు అందుకున్నప్పుడు..." అని ఆగాడు. దిగిపోయాడు. ఇంకెవరూ ఎక్కలేదు. అందరూ చూసిందే, ఎవరికి వాళ్ళకే ఏదో ఉంది. మెల్లగా ఇళ్ళ వైపు కదిలారు.

అప్పుడు డేరా మీదుగా ఎగురుతూ పోతున్న పొరుగడవి కాకి ఒకటి ఖాళీ బండ చూసి దిగింది. "నేనీ బొమ్మ చూళ్ళేదు గానీ..." అని మొదలుపెట్టింది.

పోతున్నవాళ్ళంతా వెనక్కి తిరిగారు. చూస్తూండగానే ఇప్పచెట్టు కింద నిలబడటానికి చోటు లేకుండా పోయింది.

నీతి: సినిమా చూసినవాడికి అభిప్రాయం ఉంటుంది, చూడనివాడికి వినేవాళ్ళుంటారు.