గోజోలో ఎన్నాళ్ళు?

సోమవారం పొద్దున విస్తిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పక్కనున్న గోజో దీవికి వెళ్ళడం, సముద్రంలో నాలుగు మునకలు వేయడం, గురువారం సాయంత్రానికల్లా పడవెక్కి మాల్టా వచ్చేయడం. ఆయన భార్య లిబెరాటా పథకం ఇంకా చిన్నది. వెళ్ళడం, విసుగొచ్చేదాకా ఉండడం. గోజో అంటే ఎక్కడో దేశాంతరంలో లేదు. ఇవతలి రేవులో నిలబడితే అవతలి చర్చి గోపురం కనిపిస్తుంది. పడవలో కాఫీ కొనుక్కుని చల్లార్చుకునేలోగా దిగమంటారు. అయినా ఆగస్టులో మాల్టావాళ్ళు గోజోకు బయల్దేరారంటే ఇల్లు ఖాళీ చేసినట్టే లెక్క. విస్తిన్ కారు నెత్తిన పరుపులు, వెనక సీట్లో ఫ్యాన్లు, వాటి సందుల్లో టమాటాల బుట్ట, సొరుగుతో సహా చెంచాలు చేరాయి. గోజోలో టమాటాలు దొరక్క కాదు. ఇంట్లోవి ఒంటరిగా కుళ్ళిపోతాయని లిబెరాటా బెంగ.

విస్తిన్ కు శుక్రవారం మీదే ప్రాణమంతా ఉంది. ఆ పై ఆదివారం వాళ్ళ ఊరి పునీతుడి ఆగస్టు పండుగ. విగ్రహాన్ని భుజాల మీద ఊరేగించే మోతగాళ్ళలో ఒక ముసలాయన మోకాళ్ళు అరిగి తప్పుకున్నాడు. విగ్రహం మోసే ఆ కర్ర కింద విస్తిన్ తాత నడిచాడు, తండ్రి నడిచాడు. విస్తిన్ మాత్రం తలంతా నెరిసినా బ్యాండు మేళానికి కుర్చీలు వేస్తూనే మిగిలాడు. ఇన్నాళ్ళకు పిలుపు వచ్చింది. శుక్రవారం సాయంత్రం చర్చిలో భుజాల ఎత్తు కొలుస్తారు. కొలతకు రానివాడి చోటు కసాయి ఇండ్రికి పోతుంది. ఇండ్రి అప్పుడే కొత్త బూట్లు కొనేశాడని ఊళ్ళో వార్త.

ఈ సంగతి భార్యకు చెప్పే ధైర్యం విస్తిన్ కు లేదు. ఆమధ్య ఫ్రిజ్ జరపబోయి నడుము పట్టేసి మంచం మీద పడ్డప్పటినుంచీ లిబెరాటా ఆయన చేత బరువెత్తనివ్వనని ఒట్టు పెట్టుకుంది. "విగ్రహం మోస్తానని కలలో పలవరించినా సరే, లేపి మరీ తంతాను" అని కూడా చెప్పింది. అయితే గోజోలో అద్దె ఇంటి మేడ మీదికి పరుపులు, ఫ్యాన్లు ఎక్కించేటప్పుడు ఆ ఒట్టు ఎవరికీ గుర్తు రాలేదు. సామాను బరువు కిందికి రాదు, అవసరం కిందికి వస్తుంది.

ఇంటావిడ తోనీనా తాళం చెవి ఇస్తూ ఎన్నాళ్ళుంటారని అడిగింది. గురువారం దాకా అని మొగుడూ, వారం, నచ్చితే ఇంకో వారం అని పెళ్ళామూ ఒక్కసారే అన్నారు. తోనీనా కళ్ళు తళుక్కుమన్నాయి. పక్కవాళ్ళ కొంపలో ఏం ఉడుకుతోందో తెలుసుకోనిదే ఆమెకు తన ఇంట్లో కూర ఉడకదు.

ఆ సాయంత్రమే విస్తిన్ ఆమెను చాటుగా కలిశాడు. శుక్రవారం నుంచి ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేశానని తన భార్యతో ఒక చిన్న అబద్ధం చెప్పమని బతిమాలాడు.

"అబద్ధానికేం బాబూ, ఆడతాను. కారణం తెలిస్తే ఇంకా బాగా ఆడతాను" అంది తోనీనా.

"శుక్రవారం నేనొక చోట ఉండి తీరాలి తల్లీ. మా ఆవిడకి తెలీకూడదు. ఇంతకు మించి అడగొద్దు."

అడగొద్దన్నాక తోనీనాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆడదాని వ్యవహారమా అనుకుంది గానీ ఆ బొజ్జ, ఆ నెరిసిన తల చూస్తే నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తున్న వేళ ఆమె డాబా మీద బట్టలు తీస్తూ కిందికి చూసింది. పెరటి గోడ మీదుగా విస్తిన్ తలా భుజాలూ మాత్రమే కనిపించాయి. భుజం మీద మడత పెట్టిన తువ్వాలు. దాన్ని చేత్తో అదిమి పట్టుకుని, పళ్ళు బిగించి, పక్కకు ఊగుతూ నాలుగడుగులు వేస్తున్నాడు, ఆగి రొప్పుతున్నాడు, ఆకాశం వంక చూసి ఏదో గొణుగుతున్నాడు. మోత నడక సాధన చేస్తున్నాడని ఆమెకు తోచలేదు. ఆమె బావగారు పోయే ముందు కూడా అచ్చం ఇలాగే భుజం పట్టుకుని ఊగేవాడు. విషయం తేటతెల్లమైంది. శుక్రవారం ఆపరేషన్. పాపం, భార్య తట్టుకోలేదని దాస్తున్నాడు మహానుభావుడు.

తోనీనా నోట్లో నువ్వుగింజ నానదు. బుధవారం పొద్దున రొట్టెల కొట్టు దగ్గర లిబెరాటా చెయ్యి పట్టుకుని ధైర్యంగా ఉండమంది. దేనికని లిబెరాటా అడిగింది. చెప్పనని ఒట్టేసుకున్నానంటూ తోనీనా మొత్తం చెప్పేసింది. లిబెరాటా రొట్టెలు అక్కడే వదిలేసి, తా పీను చర్చికి పోయి మేరీమాత ముందు కూలబడి ఏడ్చి, ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికి వచ్చింది.

"విస్తిన్, రేపు సాయంత్రం వెళ్ళిపోదామా?" అంది మెల్లగా.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో లిబెరాటా తనంతట తాను గోజో నుంచి బయల్దేరదామనడం అదే మొదలు. పైగా పళ్ళెంలో కుందేలు తొడ ఆయనకే వేసింది. పరుపు మడవబోతే చెయ్యి పట్టుకుని లాగేసింది. మొదట విస్తిన్ సంతోషించాడు, తర్వాత ఆశ్చర్యపోయాడు, సాయంత్రానికి గుండెల్లో రాయి పడింది. ఆ ఎర్రటి కళ్ళేమిటి, ఆ మెత్తదనమేమిటి? ఈవిడకేదో జబ్బు చేసింది, నాకు చెప్పకుండా దాస్తోంది అనుకున్నాడు.

అంతలో లిబెరాటా ఫోను అందుకుని మరదలు పౌలా దిగింది, వెంట ఇద్దరు అత్తయ్యలు, వాళ్ళ పరుపులు, పెద్ద పళ్ళెంలో టింపానా అనే మాకరోనీ వంటకం. ఊరికే చూసిపోదామని వచ్చామన్నారు. ఊరికే చూసిపోయేవాళ్ళు అలా కళ్ళార్పకుండా చూడరు. విస్తిన్ పౌలాను పక్కకు పిలిచి, మీ అక్కకు ఏమైందో నిజం చెప్పమన్నాడు.

"బావా, ఇలాంటప్పుడు కూడా నీకు అక్క దిగులేనా!" అని పౌలా బావురుమంది.

దాంతో లిబెరాటా జబ్బు పెద్దదేనని విస్తిన్ తేల్చుకున్నాడు. గురువారం పడవలో అందరూ ఒకరి వంక ఒకరు జాలిగా చూసుకుంటూ ప్రయాణం చేశారు. లిబెరాటా ఆయన చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి పట్టుకునే విస్తిన్ మనసులో కర్రనూ, తండ్రినీ, తాతనూ పక్కన పెట్టేశాడు. భార్యకు బాగా లేనప్పుడు భుజం మీద పునీతుడుంటే ఎంత, లేకపోతే ఎంత? చోటు ఇండ్రికే పోనీ అనుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆయన బయటికి కదలకుండా కుర్చీలో కూర్చున్నాడు. చర్చి గంటలు మోగాయి. లిబెరాటా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళు. ఇప్పుడు ఆలస్యం చేస్తే మళ్ళీ దొరకదు. నేను ఏడవను."

"నీకు తెలుసా?"

"తెలుసు. వెళ్ళు."

విస్తిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జబ్బుతో ఉండి కూడా తన ఆశ కనిపెట్టి పంపిస్తోందే అనుకుని పరుగున వెళ్ళాడు. ఆయన వెనకాలే లిబెరాటా బయల్దేరింది, చేతిలో పైజామా, తువ్వాలు, చెప్పులు పెట్టిన సంచి. ఆమె వెనక జపమాలతో పౌలా, కోడి సూపు గిన్నెతో అత్తయ్యలు. ఆయన ఆసుపత్రి దారి కాకుండా చర్చి దారి పట్టేసరికి, ఆపరేషన్ కి ముందు ఫాదరుకు పాపాలు చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంటాడు కాబోలని అత్తయ్యలు మెచ్చుకున్నారు. బయట చాలాసేపు నిలబడ్డారు. ఒక మనిషికి ఇన్ని పాపాలుంటాయా అని పౌలాకు అనుమానం వచ్చి తలుపు తోసింది.

లోపల మోతగాళ్ళ పెద్ద స్పీరు కర్ర కింద మనుషులను నిలబెట్టి భుజాలు సరిచూస్తున్నాడు. విస్తిన్ వాళ్ళలో ఉన్నాడు. కర్ర ఆయన భుజం మీద ఎక్కడా సందు లేకుండా కూర్చుంది. ఆయన ముఖంలో ఆ వెలుగు పెళ్ళినాడు కూడా లేదు.

"డాక్టరేడి?" అంది లిబెరాటా.

ఏ డాక్టరని స్పీరు అడిగాడు. ఆపరేషన్ సంగతి పౌలా చెప్పింది. ఆపరేషన్ నాకు కాదు, మీ అక్కకే ఏదో జబ్బు కదా అని విస్తిన్ కర్ర కిందనుంచే అడిగాడు. నిజం బయటపడటానికి కొంతసేపు పట్టింది. పట్టాక లిబెరాటా సంచితో ఆయన్ని రెండు దెబ్బలు వేసి, మూడో దెబ్బకు బదులు ఏడ్చేసి, నవ్వేసింది.

"ఏమ్మా, ఉంచమంటావా, తీసెయ్యమంటావా?" అన్నాడు స్పీరు భయంభయంగా. తలుపు దగ్గర కొత్త బూట్లలో ఇండ్రి ఒక అడుగు ముందుకు వేశాడు.

లిబెరాటా భర్త ముఖంలోని వెలుగు చూసింది. "ఉండనీ. బతికున్నాడు, అదే చాలు. ఈ ఏడాదికి మొయ్యనీ."

"ఈ ఏడాదికేనా?" అన్నాడు విస్తిన్.

"తా పీనులో మొక్కుకున్నానుగా. నువ్వు బాగుంటే ఏటా ఆగస్టు నెల నెలంతా గోజోలోనే ఉండి, పొద్దున్నే అమ్మ దర్శనం చేసుకుంటామని. ఒక్క రోజు కూడా మాల్టా మొహం చూడబోమని."

మాతకు మొక్కిన మొక్కు తీర్చకుండా ఉండమని పునీతుడి ఎదుట ఎవరంటారు?

"ఫిబ్రవరి మొక్కుకోకపోయావా? అది పొట్టి నెల కూడాను" అన్నాడు విస్తిన్ చివరికి.

ఇండ్రి అందరికంటే ముందు వెళ్ళి, లిబెరాటా చేతి సంచి అందుకుని, ఇంటిదాకా మోసి పెట్టాడు.