ఖాళీ డిస్కుకు కడీలు

విజేందర్ ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. హైదరాబాద్ నుంచి వచ్చి, జడ్చర్ల ప్లాట్ల ఆఫీసులో రెండు పెద్ద కంప్యూటర్ మిషన్లు బిగించి, బిర్యానీ తిని వెళ్లిపోయిన ఇంజినీరు అతను. చదువుకున్నవాడికి నోరు బరువు. ఏడో తరగతిలో బడి మానేసిన దశరథానికి చెప్తే మాత్రం ఏం అర్థమవుతుందిలే అనుకున్నాడు.

సోమవారం ఉదయం దశరథం ఒకే పని పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. పన్నెండేళ్ల చాకిరీ చూసి యజమాని రఘుపతి శనివారం అతనికి వెంచరులో ఒక ప్లాటు ఇచ్చాడు. డబ్బు నెలనెలా జీతంలో పట్టుకుంటానన్నాడు. బుకింగులు చూసే మల్లిక అప్పుడే అతని పేరు కంప్యూటర్లో ఎక్కించింది. ఇక కాగితం ప్రింటు తీసి సంతకం పెట్టించుకోవడమే మిగిలింది.

"ప్రింటు వస్తలేదే అన్నా," అంది మల్లిక. "మిషన్ల జాగా లేదంటున్నది."

"జాగాలమ్మే ఆఫీసుల జాగా లేకపోవుడేంది? ఇయ్యాల కాగితం తీసుకోకుండ నేను ఇంటికి పోను."

ఖాళీ జాగా కోసం వెతికాడు. మొదటి మిషన్లో ఒక పెద్ద డిస్కు దొరికింది. దానికి పేరు లేదు, లోపల ఒక్క ఫైలు లేదు. ఫార్మాట్ చేయాలా అని తెర అడుగుతోంది. విజేందర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

జడ్చర్లలో పేరులేని జాగా కనిపిస్తే ఏం చేయాలో దశరథానికి ఒకరు నేర్పనక్కర్లేదు. ముందు హద్దుల మీద కడీలు పాతాలి, తర్వాత పేరు బోర్డు పెట్టాలి. మనం పాతకపోతే తెల్లారేసరికి ఇంకొకడు పాతుతాడు.

"జర ఆగరాదే," అంది మల్లిక.

"ఆగినోనికే జాగా పోయేది." ఫార్మాట్ నొక్కాడు. డిస్కుకు 'దశరథం' అని పేరు పెట్టాడు.

రెండో మిషన్ తెరిస్తే అక్కడా అంతే పెద్ద డిస్కు, అలాగే ఉత్తది. సంతోషంగా దాన్నీ ఫార్మాట్ చేసి 'మల్లిక' అని బోర్డు పెట్టాడు. తిరిగొచ్చి చూస్తే మొదటి మిషన్లో తన డిస్కు మీద మల్లిక పేరుంది.

"నా జాగాల నీ పేరేందే?"

"నాకేమెర్క? నువ్వే గద పెడితివి!"

"డబుల్ రిజిస్ట్రేషన్! ఒక్క జాగను ఇద్దరికి అంటగట్టిండు గా విజేందర్!"

పట్టు వదలకుండా చెరిపి మళ్లీ తన పేరు రాశాడు. మూడోసారి కడీలు పాతేసరికి రెండు మిషన్లూ కలిసి పడుకున్నాయి. ఏ ప్లాటు ఎవరిదో చెప్పే దిక్కు లేదు. అప్పుడు ఫోన్ ఎత్తాడు విజేందర్.

"అన్నా, అవి రెండు డిస్కులు కావు, ఒక్కటే. రెండు మిషన్లు పంచుకుంటయి. ఒకటి పడ్డా ఇంకోటి నడుపుతదని."

"ఖాళీగున్నది గదనయ్యా!"

"పైకి గట్లనే కనిపిస్తది. ఫైళ్లు, ఫోల్డర్లు ఏముండయి, డేటాబేస్ నేరుగ డిస్కు మీదనే రాసుకుంటది. లెక్కలన్ని అండ్లనే ఉన్నయి."

"మరి నాకు చెప్పొద్దా?"

"నువ్వడగలే."

విజేందర్ అక్కడి నుంచే శుక్రవారం దాచిన నకలు తెచ్చి ఎక్కించాడు. నాలుగింటికి వెంచరు మొత్తం లేచి కూర్చుంది. శనివారం బుకింగులను మల్లిక రశీదులు చూసి మళ్లీ ఎక్కించింది. రశీదు లేనిది ఒక్క దశరథానికే. గుర్తున్నది రాసేద్దామని ఆమె ఆ ప్లాటు నంబరు కొట్టేలోపే అక్కడ వేరే పేరు కనిపించింది. దశరథం రఘుపతికి ఫోన్ చేశాడు.

"సార్, నా ప్లాట్ల ఎవరిదో పేరున్నది!"

"మహబూబ్‌నగర్ల పార్టీ ముంగట కూసున్నడయ్యా. ఫోన్ల చూసిన, ఖాళీ అనే ఉన్నది. ఫోన్లనే ఆయన పేరెక్కించి బయానా పైసలు తీసుకున్న."

"గది నాదే సార్! శనివారం మీరే ఇస్తిరి!"

"నూరు ప్లాట్లు అమ్మేటోన్ని, నంబర్లు యాదికుంటయా? నీ పేరు అండ్ల ఉంటే అమ్ముదునా?"

దశరథానికి పోయింది నూట యాభై గజాలు, తూర్పు ముఖం, మూలమీద బిట్టు.